అద్దె గోడలు.. సొంత వాకిళ్లు
సామాజిక మాధ్యమాల గుత్తాధిపత్యానికి ప్రత్యామ్నాయం సాధ్యమేనా?

నేపాల్ ప్రభుత్వం 2025 సెప్టెంబరు 4న 26 సామాజిక మాధ్యమాలను నిలిపివేయాలని ఆదేశించింది. దేశంలో నమోదు చేసుకోవాలన్న షరతును అవి పాటించలేదన్నది అందుకు చెప్పిన కారణం. ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సప్, ఎక్స్ వంటి దిగ్గజాల సరసన ఆ జాబితాలో ‘మాస్టోడాన్’ అనే పేరు కూడా ఉంది. కబురు పెట్టి సంజాయిషీ అడగడానికి మాస్టోడాన్ ఒక కంపెనీ గుప్పిట్లో ఉన్న వేదిక కాదు. ఎవరైనా ఉచితంగా తీసుకుని, తమ సర్వర్‌పై నడుపుకోగలిగిన సాఫ్ట్‌వేర్ అది. దాన్ని తయారు చేస్తున్న జర్మనీ సంస్థ స్వయంగా నడిపే సర్వర్లు రెండు మూడే. మిగతా వేల సర్వర్లు ప్రపంచమంతటా వేర్వేరు వ్యక్తుల, సంఘాల, సంస్థల చేతుల్లో ఉన్నాయి. వాటన్నిటి తరఫున నమోదు పత్రంపై సంతకం చేయగల వారెవరూ లేరు.

ఆ నిషేధం నాలుగు రోజులు కూడా సక్రమంగా నిలవలేదు. అవినీతిపై అప్పటికే రగులుతున్న యువతరం ఆగ్రహానికి అది ఆజ్యం పోసింది. సెప్టెంబరు 8న కాఠ్మాండూలోనూ ఇతర చోట్లా జరిగిన కాల్పుల్లో 19 మంది మరణించారు. ఆ రాత్రే నిషేధాన్ని ఎత్తివేశారు. మర్నాడు ప్రధాని కె.పి.శర్మ ఓలి రాజీనామా చేశారు. రాజకీయ పరిణామాల మాట అటుంచితే, ఆ జాబితా ఒక సాంకేతిక వాస్తవాన్ని కూడా బయటపెట్టింది. పాతిక కంపెనీలకు ఉత్తర్వు పంపితే ఒక దేశ ప్రజల ముచ్చట్లు దాదాపుగా ఆగిపోతాయి. వేల చేతుల్లో చెదిరి ఉన్నదాన్ని ఆపడం మాత్రం అంత తేలిక కాదు.

సామాజిక మాధ్యమం అంటే ఒక పెద్ద కంపెనీకి చెందిన వేదికే కానక్కరలేదన్న వాదన పదిహేనేళ్లుగా బలపడుతోంది. ప్రతి మనిషికీ ఇంటి నంబరు లాంటి సొంత వెబ్ చిరునామా ఉండాలి. తన రాతలు, బొమ్మలు అక్కడే ఉండాలి. అలాంటి వాకిళ్లన్నీ అందరికీ తెలిసిన ఉమ్మడి ప్రమాణాల ద్వారా ఒకదానితో మరొకటి మాట్లాడుకోవాలి. ఆ వాదన సారాంశం ఇదే.

మూతపడిన ముచ్చట్ల సావిళ్లు

ఈ వాదన ఎక్కడి నుంచి పుట్టిందో గ్రహించడానికి భారతదేశ అనుభవం చాలు. 2004 జనవరిలో మొదలైన ఆర్కుట్‌కు బ్రెజిల్‌తో పాటు భారత్ ప్రధాన కేంద్రం. కళాశాలల మిత్రబృందాలు, సినీ అభిమాన సంఘాలు, ఊళ్ల పేరిట ఏర్పడిన కూటములు అక్కడ వర్ధిల్లాయి. 2014 సెప్టెంబరు 30న గూగుల్ దాన్ని మూసివేసింది. దాని స్థానంలో ఆశలు రేపిన గూగుల్ ప్లస్‌లో సాధారణ వినియోగదారుల ఖాతాలు 2019 ఏప్రిల్‌లో కనుమరుగయ్యాయి. చైనాతో సరిహద్దు ఘర్షణల నేపథ్యంలో 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ ఒక్క రాత్రిలో మాయమైంది. పల్లెటూళ్ల నుంచి ఆటపాటలతో ప్రేక్షకులను కూడగట్టుకున్నవారికి ఆ ప్రేక్షకులను వెంట తీసుకెళ్లే దారి లేకపోయింది. ఎవరు తమను చూస్తున్నారో తెలిపే చిట్టా కంపెనీ దగ్గరుంది తప్ప వారి దగ్గర లేదు.

విదేశీ వేదికలకు బదులు స్వదేశీ వేదిక వస్తే సమస్య తీరుతుందన్న ఆశ కూడా నిలవలేదు. బెంగళూరు కేంద్రంగా 2020లో మొదలైన ‘కూ’ తెలుగు సహా పలు భారతీయ భాషల్లో రాసుకునే వీలు కల్పించింది. ఆత్మనిర్భర్ యాప్ పోటీలో కేంద్ర ప్రభుత్వ గుర్తింపు పొందింది. మంత్రులు, ప్రభుత్వ శాఖలు అందులో ఖాతాలు తెరిచారు. ట్విట్టర్‌కు దేశీయ ప్రత్యర్థిగా పేరు తెచ్చుకున్న ఆ సంస్థ, పెట్టుబడుల కొరతతో, విలీనం కోసం జరిపిన చర్చలు ఫలించక, 2024 జులైలో మూత పడుతున్నట్లు ప్రకటించింది. యజమాని స్వదేశీయుడా, విదేశీయుడా అన్నదానికన్నా, ఇల్లు అద్దెదా, సొంతమా అన్నదే ముఖ్యమని ‘కూ’ ఉదంతం చాటింది.

మూతపడటం ఒక్కటే ప్రమాదం కాదు. వేదిక బతికే ఉన్నా దాని నిబంధనలు రాత్రికి రాత్రి మారిపోతాయి. ట్విట్టర్‌ను 2022 అక్టోబరులో ఎలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు కొనుగోలు చేశారు. 2023 జూన్ చివర్లో, ఖాతా లేనివారు అందులోని పోస్టులు చదివే వీలు లేకుండా చేశారు. మర్నాడు ఖాతా ఉన్నవారికి సైతం రోజుకు ఇన్నే పోస్టులని పరిమితి విధించారు. ధ్రువీకరణ లేని పాత ఖాతాలకు అది తొలుత ఆరు వందలు. కంపెనీ దృష్టిలో అది వ్యాపార నిర్ణయం. వాతావరణ హెచ్చరికలు, రైళ్ల రాకపోకల సమాచారం, పోలీసు ప్రకటనలకు ఆ వేదికనే నోటీసు బోర్డుగా వాడుకుంటున్న ప్రభుత్వ విభాగాలకు మాత్రం అది ఒక గుణపాఠం. పంచాయతీ నోటీసును ప్రైవేటు దుకాణం లోపలి గోడకు అంటిస్తే, తలుపు తాళం దుకాణదారు దగ్గరే ఉంటుంది.

ఖాతా ఎవరి సొత్తు?

సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఉదంతం ఈ ప్రశ్నను న్యాయస్థానం దాకా తీసుకెళ్లింది. హిట్లర్ ఏలుబడిలోని జర్మనీలో, నాజీ వందనం చేస్తున్న గుంపు నడుమ చేతులు కట్టుకుని నిలబడిన ఒక వ్యక్తి ఛాయాచిత్రం జగత్ప్రసిద్ధం. దాన్ని తన పేజీకి ముఖచిత్రంగా పెట్టుకున్నందుకు 2019 అక్టోబరులో ట్విట్టర్ ఆయన ఖాతాను నిలిపివేసింది. ఆ తర్వాత ఎప్పుడో పంచుకున్న ఒక కవితను కారణంగా చూపి శాశ్వతంగా తొలగించింది. ఆయన దిల్లీ హైకోర్టును ఆశ్రయించారు. దానికి నిరసనగా 2019 నవంబరులో వేలాది భారతీయులు మాస్టోడాన్‌లో ఖాతాలు తెరిచారు. ఆ పేరు ఈ దేశంలో విరివిగా వినిపించింది అప్పుడే.

2021 జనవరిలో వాట్సప్ తన గోప్యతా నిబంధనలను మార్చి, అంగీకరించడం మినహా గత్యంతరం లేదన్నప్పుడు ఇదే ప్రశ్న మరింత విస్తృతంగా తలెత్తింది. లక్షల మంది సిగ్నల్, టెలిగ్రామ్‌ల వైపు చూశారు. బంధువులు, పాఠశాల బృందాలు, కిరాణా దుకాణం అన్నీ వాట్సప్‌లోనే ఉండటంతో అత్యధికులు తిరిగి అక్కడికే చేరారు. ఆ నిబంధనలు ఆధిపత్య దుర్వినియోగమేనని తేల్చిన భారత పోటీ సంఘం 2024 నవంబరులో మెటా కంపెనీకి రూ.213.14 కోట్ల జరిమానా విధించింది. జరిమానా విధించినంత మాత్రాన వినియోగదారుకు బయటికెళ్లే దారి ఏర్పడదు. వాట్సప్ నుంచి సిగ్నల్‌కు ఒక సందేశం పంపలేనంత కాలం, వేదికను వదలడమంటే మనుషులను వదులుకోవడమే.

తపాలా సూత్రం

నిజానికి ఇంటర్నెట్‌లో ఈ సమస్య లేని వ్యవస్థ ఒకటి దశాబ్దాలుగా ఉంది. అది ఈమెయిల్. ఒక కంపెనీ సేవను వాడేవారు మరో కంపెనీ ఖాతాదారుకు నిస్సంకోచంగా ఉత్తరం రాయగలరు. విశ్వవిద్యాలయమైనా, బ్యాంకైనా సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. ఉత్తరం ఏ రూపంలో ఉండాలో, ఎలా చేరవేయాలో నిర్దేశించే ప్రమాణాలు అందరివీ కావడమే అందుకు కారణం. వెబ్ సైతం అదే సూత్రంపై పుట్టింది. ఎవరి అనుమతీ లేకుండా ఎవరి పేజీ నుంచైనా మరొకరి పేజీకి లంకె వేయవచ్చు. సామాజిక మాధ్యమాలు వచ్చాకనే ఈ బహిరంగ క్షేత్రంలో ప్రహరీ గోడలు లేచాయి.

ఆ గోడలకు వెలుపల నిలబడాలన్న సంకల్పంతో 2011 జూన్‌లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో కొందరు వెబ్ నిపుణులు సమావేశమయ్యారు. టాంటెక్ చెలిక్, ఆరన్ పరేకి తదితరుల చొరవతో మొదలైన ఆ ఉద్యమానికి ‘ఇండీవెబ్’ అని పేరు. స్వతంత్ర వెబ్ అని దాని భావం. దాని నియమం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: ముందుగా సొంత చిరునామాలో ప్రచురించు, ఆపైన ప్రతులను ఇతర వేదికలకు పంపు. ఫేస్‌బుక్‌నో ఎక్స్‌నో వదిలిపెట్టమని అది ఎవరినీ కోరదు. మూలప్రతి తన ఇంట్లో ఉండాలనీ, నకళ్లు మాత్రమే బజారుకు వెళ్లాలనీ అంటుంది. బజారు మూతపడితే పోయేది నకలే.

ఈ వ్యవస్థకు ఆయువుపట్టు డొమైన్ పేరు, అంటే వెబ్ చిరునామా. భారతీయ పాఠకులకు దీన్ని అర్థం చేసుకోవడానికి మొబైల్ నంబరే చక్కని ఉపమానం. 2010 నవంబరులో హర్యానాలో మొదలై, 2011 జనవరి 20 నాటికి దేశమంతటికీ విస్తరించిన నంబర్ పోర్టబిలిటీ రాకముందు, ఫోను కంపెనీని మార్చాలంటే నంబరును వదులుకోవలసి వచ్చేది. సేవ ఎంత నాసిగా ఉన్నా ఆ ఒక్క భయంతోనే చాలామంది సర్దుకుపోయేవారు. నంబరు వినియోగదారు వెంట నడవడం మొదలయ్యాక కంపెనీలే వినియోగదారు వెంట నడవాల్సి వచ్చింది. డొమైన్ పేరు అచ్చంగా అలాంటిదే. దాని వెనుక నిలిచే సర్వర్‌ను, సాఫ్ట్‌వేర్‌ను, కంపెనీని ఎన్నిసార్లు మార్చినా చిరునామా మారదు. పాత లంకెలు తెగవు. పాఠకులు దారి తప్పరు.

గోడలు లేని సంభాషణ

సొంత వెబ్‌సైట్ కొత్త సంగతేమీ కాదు. దాన్ని సామాజిక మాధ్యమంగా మార్చేది సంభాషణ. ఒకరి మాటకు మరొకరి స్పందన చేరకపోతే ఎన్ని వెబ్‌సైట్లు ఉన్నా అవి ఒంటరి దీవులే. ఈ వెలితిని పూరించడానికి వెబ్ ప్రమాణాలను రూపొందించే అంతర్జాతీయ సంఘం డబ్ల్యూ3సీ కొన్ని పద్ధతులను ఆమోదించింది. వాటిలో ముఖ్యమైన ‘వెబ్‌మెన్షన్’ 2017 జనవరిలో అధికారిక సిఫార్సు స్థాయి పొందింది.

దాని పనితీరు సరళం. విజయవాడలోని ఒక రచయిత్రి తన సైటులో కృష్ణా కాలువలపై వ్యాసం రాశారనుకుందాం. టెక్సాస్‌లోని ఒక పాఠకుడు ఆ వ్యాసానికి జవాబును తన సైటులోనే రాసి, మూల వ్యాసానికి లంకె ఇస్తారు. ఆయన సర్వర్ వెంటనే ఆమె సర్వర్‌కు ఒక చిన్న కబురు పంపుతుంది. అందులో ఉండేవి రెండే చిరునామాలు: జవాబు ఎక్కడుంది, ఏ వ్యాసానికి జవాబు. ఆమె సర్వర్ ఆ జవాబు పేజీని తెరిచి, లంకె నిజంగా ఉన్నదో లేదో సరిచూసుకున్నాకే దాన్ని స్వీకరిస్తుంది. ప్రదర్శించాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆయన రాత ఆయన దగ్గర, ఆమె రాత ఆమె దగ్గర భద్రంగా ఉంటాయి. మధ్యలో మూడో పక్షం లేదు. ఏది వ్యాసం, ఏది జవాబు, రచయిత ఎవరు అన్నవి యంత్రానికి బోధపడేందుకు పేజీలోనే కొన్ని గుర్తులు పెడతారు. వాటిని మైక్రోఫార్మాట్లు అంటారు. కొత్త రాతల జాబితాను పాఠకుల దగ్గరికి చేర్చడానికి ‘ఫీడ్’ అనే పాత పద్ధతి ఎలాగూ ఉంది.

రెండో దారి ‘యాక్టివిటీపబ్’. 2018 జనవరి 23న డబ్ల్యూ3సీ సిఫార్సు చేసిన ఈ ప్రమాణం ఆధారంగానే మాస్టోడాన్ వంటి సేవల సర్వర్లు పరస్పరం మాట్లాడుకుంటున్నాయి. ఒక సర్వర్‌లోని సభ్యులు మరో సర్వర్‌లోని సభ్యులను అనుసరించవచ్చు, జవాబివ్వవచ్చు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో నలభై శాతానికి పైగా ఉపయోగిస్తున్న వర్డ్‌ప్రెస్‌కు కూడా ఇప్పుడు ఈ సౌకర్యం ఉంది. అంటే వర్డ్‌ప్రెస్‌పై నడిచే సొంత వెబ్‌సైటును మాస్టోడాన్ సభ్యులు తమ ఖాతాల నుంచే అనుసరించవచ్చు. బ్లూస్కై అనే మరో వేదిక వేరొక ప్రమాణంపై నడుస్తున్నా, సొంత డొమైన్ పేరునే ఖాతా పేరుగా పెట్టుకునే వీలు కల్పించింది.

తెలుగువారికి తెలిసిన కథే

ఈ ఆలోచన పాశ్చాత్య దిగుమతి అనుకోవడం పొరపాటు. 2000వ దశకం రెండో భాగంలో యూనికోడ్ తెలుగు, ‘లేఖిని’ వంటి ఉపకరణాలు అందుబాటులోకి వచ్చాక తెలుగు బ్లాగులు వెల్లువెత్తాయి. హైదరాబాద్, బెంగళూరు, అమెరికా నగరాల నుంచి రాసేవారు ఎవరికి వారే. ఎవరి పేజీ వారిదే. వాటి ఫీడ్లను ఒకచోట కుప్పపోసి తాజా రాతలను చూపించిన సంకలినుల్లో ‘కూడలి’ ప్రసిద్ధం. దానికి రచనలపై హక్కు లేదు. చూపించేది పేరూ, తొలి పంక్తులే. చదవాలంటే రచయిత ఇంటికే వెళ్లాలి. ఒక సంకలిని నచ్చకపోతే మరొకటి ఉండేది. కవిత్వం, వంటలు, వ్యాకరణ చర్చలు, రాజకీయ కలహాలు అన్నీ ఆ దారుల వెంటే సాగాయి. వికేంద్రీకృత సామాజిక మాధ్యమమంటే ఏమిటో ఆ తరం పాఠకులు పేరు తెలియకుండానే రుచి చూశారు.

ఫేస్‌బుక్ విస్తరించాక ఆ సందడి అటు తరలిపోయింది. రాయడం తేలికైంది, స్పందనలు తక్షణమే వచ్చాయి, పాఠకులు పెరిగారు. ఈ లాభాలను తక్కువ చేసి చూడలేం. అయితే పదేళ్ల కిందటి బ్లాగు వ్యాసం నేటికీ వెతికితే దొరుకుతుంది. పదేళ్ల కిందటి ఫేస్‌బుక్ చర్చను వెలికితీయడం దాన్ని రాసినవారికే కష్టం. ఒక భాషకు సంబంధించిన సమకాలీన రచనలో గణనీయ భాగం శోధన యంత్రాలకూ, గ్రంథాలయాలకూ అందని గోడల వెనుక చేరడం చిన్న నష్టం కాదు. మేటలు వేసిన ఇసుక కింద శాసనాలు దొరుకుతాయి గానీ, మూసివేసిన సర్వర్ కింద ఏదీ దొరకదు.

పెద్దన్నలతో పొత్తు

ఉమ్మడి ప్రమాణాలను పెద్ద కంపెనీలు ఆదరించడం శుభసూచకమేనా? ఇందులో భిన్నాభిప్రాయాలున్నాయి. మెటా 2023 జులైలో ప్రారంభించిన థ్రెడ్స్, అదే ఏడాది డిసెంబరులో యాక్టివిటీపబ్‌తో అనుసంధానాన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. కోట్లమందికి చిన్న సర్వర్లతో మాట కలుస్తుందని కొందరు స్వాగతించగా, దిగ్గజం పొత్తు ధృతరాష్ట్ర కౌగిలి అవుతుందన్న భయంతో ఎన్నో సర్వర్లు ముందుగానే తలుపులు మూసుకున్నాయి.

ఆ భయానికి ఆధారం ఉంది. 2005లో వచ్చిన గూగుల్ టాక్ ఎక్స్ఎంపీపీ అనే బహిరంగ ప్రమాణంపై నడిచింది. మరుసటి ఏడాది నుంచి ఇతర సర్వర్ల వారితోనూ సంభాషణకు దారి తెరిచింది. వినియోగదారులు తన వద్ద పోగయ్యాక, 2013లో హ్యాంగవుట్స్‌ను తెచ్చి ఆ దారికి గూగుల్ స్వస్తి చెప్పింది. విడిగా సర్వర్లు నడుపుతున్నవారికి తమ మిత్రులతో మాట తెగిపోయింది. బహిరంగ ప్రమాణం ఉండటం ఎంత అవసరమో, దాన్ని వాడేవారిలో ఏ ఒక్కరూ కొండంత పెరిగి మిగతావారిని శాసించలేకపోవడం అంతే అవసరమని ఆ అనుభవం చెబుతోంది.

అంత సులువేం కాదు

ప్రత్యామ్నాయాన్ని మెచ్చుకునేవారు సైతం దాని లోపాలను దాచడం లేదు. మొదటిది శ్రమ. డొమైన్ పేరుకు ఏడాదికయ్యే ఖర్చు సాధారణంగా కొన్ని వందల రూపాయలే అయినా, సర్వర్, భద్రత, నవీకరణలు, ప్రతుల నిల్వ వంటివి సామాన్యులకు తలనొప్పే. కంప్యూటర్ లేకుండా కేవలం మొబైల్ ఫోన్‌తోనే ఇంటర్నెట్‌లోకి అడుగుపెట్టిన కోట్లాది భారతీయులకు సొంత వెబ్‌సైట్ అనేది ఇంకా దూరపు కొండే. 2022 చివర్లో ట్విట్టర్ చేతులు మారినప్పుడు 25 లక్షలకు చేరిన మాస్టోడాన్ నెలవారీ క్రియాశీల సభ్యుల సంఖ్య, తర్వాత పది లక్షల లోపుకు తగ్గిపోవడానికి ఇలాంటి ఇబ్బందులూ కారణమే.

రెండోది దుర్భాషల, ద్వేష ప్రచారాల అదుపు. పెద్ద కంపెనీలు ఈ పనిని సరిగా చేయడం లేదన్న విమర్శ ఉన్నా, వాటికి అందుకు సిబ్బంది ఉన్నారు. చిన్న సర్వర్‌ను నడిపే స్వచ్ఛంద కార్యకర్తకు ఆ బలం ఉండదు. 2019లో ‘గాబ్’ అనే అతివాద వేదిక మాస్టోడాన్ సాఫ్ట్‌వేర్‌ను తీసుకున్నప్పుడు దాన్ని ఆపగల అధికారం ఎవరికీ లేకపోయింది. అయితే చాలా సర్వర్లు దానితో సంబంధాలు తెంచుకోవడంతో అది వెలివేసిన ఇల్లుగా మిగిలింది. నిషేధించే అధికారం ఒక్కరి చేతిలో లేని చోట, వెలివేసే స్వేచ్ఛ అందరికీ ఉండటమే రక్షణ.

మూడోది చట్టం. ఇతరుల రాతలకు చోటిచ్చే ప్రతి సర్వర్ నిర్వాహకుడూ భారత ఐటీ చట్టం దృష్టిలో ‘మధ్యవర్తి’ అవుతాడు. 2021 నాటి నిబంధనలు 50 లక్షలకు మించి నమోదిత వినియోగదారులున్న వేదికలకే అదనపు బాధ్యతలు విధించినా, ఫిర్యాదుల స్వీకరణ, తొలగింపు వంటి మౌలిక విధులు చిన్నవారికీ వర్తిస్తాయి. వంద మంది మిత్రుల కోసం సర్వర్ నడిపే అధ్యాపకుడిని, కోట్ల డాలర్ల కంపెనీని ఒకే గాటన కట్టవచ్చునా అన్న ప్రశ్న చర్చకు రావలసి ఉంది.

అన్నిటికన్నా పెద్ద పరిమితి మరొకటి ఉంది. 2024 జులైలో విద్యార్థుల ఉద్యమ సమయంలో బంగ్లాదేశ్ మొత్తంగా ఇంటర్నెట్‌నే నిలిపివేసింది. 2019 ఆగస్టులో సేవలు ఆగిన కశ్మీర్‌లో, 2020 జనవరిలో అవి పాక్షికంగా తిరిగి మొదలైనప్పుడు అధికారులు ఆమోదించిన సైట్ల జాబితాకే అనుమతి దక్కింది. ఆ జాబితాలో లేని వ్యక్తిగత వెబ్‌సైటుకు అప్పుడు దారి లేదు. వేదికల గుత్తాధిపత్యానికి సొంత వెబ్‌సైట్ విరుగుడు కావచ్చునేమో గానీ, తీగే తెగ్గొట్టే ప్రభుత్వానికి కాదు. పైగా డొమైన్ పేరు సైతం సంపూర్ణంగా సొంతం కాదు. ఏటేటా రుసుము కట్టి పునరుద్ధరించుకోవాలి. రిజిస్ట్రీ నియమాలకు లోబడాలి. ‘డాట్ ఇన్’ పేర్ల నిర్వహణ నిక్సీ చేతిలో ఉంది. కాబట్టి ఇది పట్టా భూమి కాదు, దీర్ఘకాలపు కౌలు. ఏ రోజైనా ఖాళీ చేయించగల అద్దె గది కన్నా మెరుగన్నంత వరకే చెప్పగలం.

విధానం ఎటువైపు?

బహిరంగ ప్రమాణాల విలువ భారత ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2016లో మొదలైన యూపీఐ అందుకు తార్కాణం. ఒక బ్యాంకు ఖాతా, మరో కంపెనీ యాప్, ఇంకో బ్యాంకులోని దుకాణదారు ఖాతా నిమిషంలో ఏకమవుతాయి. 2025 ఆగస్టులో నెలవారీ యూపీఐ లావాదేవీలు రెండు వేల కోట్లు దాటాయి. దాని నడుమ జాతీయ చెల్లింపుల సంస్థ అనే ఒకే కేంద్రం ఉన్నందున అది పూర్తిగా వికేంద్రీకృతం కాదు. అయినా యాప్ నచ్చకపోతే మారే స్వేచ్ఛ ఉంటే జనం ఎంతగా ఆదరిస్తారో అది నిరూపించింది. కొన్ని సైట్లనే ఉచితంగా చూపే ఫేస్‌బుక్ ‘ఫ్రీ బేసిక్స్’ పథకానికి 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అడ్డుకట్ట వేసినప్పుడు సైతం, ఇంటర్నెట్‌ను ఒక కంపెనీ పెరడుగా మారనివ్వరాదన్న సూత్రమే గెలిచింది.

వ్యక్తిగత సమాచారం విషయంలో మాత్రం అడుగు వెనక్కి పడింది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో రూపొందించిన ముసాయిదాలోనూ, 2019లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లులోనూ ‘డేటా పోర్టబిలిటీ’ హక్కు ఉంది. తన సమాచారాన్ని ఒక కంపెనీ నుంచి యంత్రం చదవగల రూపంలో తీసుకుని మరోచోటికి పట్టుకెళ్లే హక్కు అది. 2023లో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో అది లేదు. ఐరోపా సంఘంలో 2018 నుంచీ ఆ హక్కు అమల్లో ఉంది. అంతటితో ఆగక, వాట్సప్ వంటి భారీ సందేశ సేవలు ఇతర సేవలకు ద్వారాలు తెరవాలని కొత్త డిజిటల్ మార్కెట్ల చట్టంలో నిర్దేశించారు. జర్మనీ ప్రభుత్వ శాఖలు తమ ప్రకటనలకు సొంత చిరునామాతో మాస్టోడాన్ సర్వర్‌ను నడుపుకుంటున్నాయి.

మొబైల్ నంబరు విషయంలో పదిహేనేళ్ల కిందట దక్కిన హక్కు, మాట విషయంలో భారతీయ పౌరుడికి ఇంకా దక్కలేదు. చట్టంలో పోర్టబిలిటీని పునరుద్ధరించడం, చిన్న సర్వర్ల నిర్వాహకులకు నిబంధనల భారం తగ్గించడం, ప్రభుత్వ ప్రకటనలు ముందు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఫీడ్‌తో సహా వెలువడి ఆ తర్వాతే ప్రైవేటు వేదికలకు చేరడం వంటివి భారీ వ్యయం లేని సంస్కరణలే. రచయితలు, పాత్రికేయులు, చిన్న వ్యాపారులు, గ్రంథాలయాలు తమ మూలప్రతులను సొంత చిరునామాలో ఉంచుకోవడానికి చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. ఫేస్‌బుక్‌ను, ఎక్స్‌ను రేపే ఖాళీ చేసి వచ్చేయమని ఎవరూ అనడం లేదు. సంతలో ఎంతసేపు తిరిగినా పొద్దు వాలేసరికి చేరుకోవడానికి ఇల్లొకటి ఉండాలన్నదే ఈ వాదన. ఆర్కుట్ నుంచి ‘కూ’ వరకూ మూతపడిన ప్రతి సంతా ఆ అవసరాన్నే గుర్తుచేసి వెళ్లింది.